నేల కింది వేడి, గోడ మీది మీట

అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 1940ల చివర రాబర్ట్ వెబర్ అనే ఆయన డీప్ ఫ్రీజర్‌తో ఏదో ప్రయోగం చేస్తూ దాని బయటి గొట్టం ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడట. లోపల గడ్డకట్టే చలి, బయట చెయ్యి కాలే వేడి! దాన్ని వృథాగా పోనివ్వడం ఎందుకని ముందు నీళ్లు కాచాడు. తర్వాత పెరట్లో రాగి గొట్టాలు పాతి, నేలలోని వేడినే ఇంట్లోకి లాగాడు. మరుసటి ఏడు బొగ్గు కొలిమిని అమ్మేశాడని చెబుతారు. ఆలోచన మాత్రం పాతదే. 1852లో శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ కాగితం మీద పెట్టాడు. నేల నుంచి వేడి తీసే పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజనీరు హైన్రిక్ జోలీ 1912లోనే పేటెంటు పొందాడు.

ఇలా నేల నుంచి వేడి లాగే యంత్రాన్ని జియోథర్మల్ హీట్ పంపు అంటారు. జియోథర్మల్ అనగానే అగ్నిపర్వతాలు గుర్తొస్తాయి గానీ, పెరట్లో దొరికే ఈ వేడి చాలామటుకు నేల దాచుకున్న ఎండే. పది పదిహేను మీటర్ల లోతున వేసవికీ శీతాకాలానికీ తేడా దాదాపు ఉండదు. ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత ఎంతో, అక్కడి నేలదీ ఇంచుమించు అంతే. మన నూతి నీళ్లు వేసవిలో చల్లగా, ధనుర్మాసం తెల్లవారుజామున గోరువెచ్చగా తగిలేది ఇందుకే. అమెరికాలోని మినియాపొలిస్‌లో బయట సున్నాకు 25 డిగ్రీలు కిందికి దిగినా, ఆ లోతున 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. హైదరాబాదులో అదే లోతున 25 దాటుతుంది. మనకు ఇల్లు కాచుకునే అవసరమూ లేదు, గదిలో వేడి పారబోయడానికి అదేమంత చల్లటి చోటూ కాదు. అందుకే ఈ యంత్రం మన ఊళ్లలో కంటే మిషిగన్‌లోనో మినెసోటాలోనో ఇల్లు కొన్న మనవాళ్ల బేస్‌మెంట్లలోనే ఎక్కువ కనబడుతుంది.

ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. వేడి పుట్టించే పని లేదు కదా, మోసుకొచ్చిన కూలి ఇస్తే చాలు.

మరి కొందరికి కరెంటు బిల్లెందుకు పేలుతుంది? రాత్రి థర్మోస్టాట్ తగ్గించి పొద్దున్నే పెంచడం గ్యాస్ ఫర్నేస్ నేర్పిన అలవాటు. ఇక్కడ అది తరచూ బెడిసికొడుతుంది. ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు పెంచమంటే కంప్రెసర్ అందుకోలేదని ‘ఆగ్జిలరీ హీట్’ తోడొస్తుంది. అది మామూలు హీటర్ కాయిలే. యూనిట్‌కు యూనిట్ వేడే. చిత్రమైంది ఇంకోటుంది, ‘ఎమర్జెన్సీ హీట్’ అనే మీట. మంచు తుఫాను చూసి, ఎమర్జెన్సీ అంటే ఇదే కాబోలని దాన్ని నొక్కేవాళ్లున్నారు. నొక్కగానే కంప్రెసర్ ఆగి, భారమంతా హీటర్ కాయిల్ మీద పడుతుంది. ఇల్లు వెచ్చగానే ఉంటుంది కాబట్టి నెల తిరిగి బిల్లు వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆ మీట ఉన్నది యంత్రం చెడిన రోజు కోసం.

డక్టులోంచి వచ్చే గాలి మరీ వెచ్చగా లేదని మెకానిక్‌ను పిలిచేముందు చిన్న థర్మామీటరు పెట్టి చూడండి. యంత్రంలోకి వెళ్లే గాలికీ బయటికొచ్చే గాలికీ 20 నుంచి 30 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటే అది సాధారణంగా బాగానే ఉన్నట్టు. గ్యాస్ గాలిలా చుర్రుమనదు, గంటలకొద్దీ నింపాదిగా తిరుగుతుంది. అదే దాని తీరు.

దుమ్ముపట్టిన ఫిల్టర్ ఒక్కటి చాలు, యంత్రం ‘లాకౌట్’ అని మొండికేయడానికి. వాడని గదుల్లో గాలి రంధ్రాలు మూసేసి ఆదా చేశామనుకున్నా గాలి ఆడక అదే గతి. అప్పుడు చాలామంది చేసే పని బ్రేకర్ ఆపి మళ్లీ వేయడం. కొన్ని యంత్రాల్లో దాంతో తప్పేమిటో చెప్పే కోడ్ కాస్తా చెరిగిపోతుంది. ముందు కోడ్ రాసుకోవాలి.

వేసవి వచ్చేసరికి నేలలోని గొట్టాల పీడనం తగ్గితే కంగారుపడి లీకేజీ అనుకోనక్కర్లేదు. వేడికి ప్లాస్టిక్ పైపు సాగుతుంది, గేజి ముల్లు దిగుతుంది. చలికాలంలో మళ్లీ ఎక్కుతుంది. ఏ కాలమైనా దిగుతూనే ఉంటే మాత్రం లీకే. గొట్టాల్లో గలగల చప్పుడు గాలి చేరిందనడానికి గుర్తు. తోట గొట్టంతో నీళ్లు పట్టి ఆ గాలిని తరమడం కల్ల. నీరు సెకనుకు కనీసం 2 అడుగుల వేగంతో ఉరకాలి, అందుకు వేరే పెద్ద పంపు కావాలి. ఆ పని నిపుణుడికి వదలడమే మంచిది.

ఈ గొట్టాలు దించడానికి బోరు వేసేవాళ్లకు కింద ఏ రాయి ఉందో తెలియాలి. జర్మనీలోని స్టౌఫెన్ పట్టణంలో 2007లో టౌన్‌హాల్‌ను ఇలా వెచ్చబెట్టడం కోసం 140 మీటర్ల లోతు బోర్లు ఏడు వేశారు. భూగర్భజలం అన్‌హైడ్రైట్ పొరలోకి చేరింది. ఆ రాయి జిప్సమ్‌గా మారుతూ ఉబ్బింది, ఊరే పైకి లేచింది. 250కి పైగా ఇళ్లు బీటలు వారాయి.

కొన్ని యంత్రాలకు ‘డీసూపర్‌హీటర్’ ఉంటుంది. వేసవిలో గది నుంచి లాగిన వేడితోనే స్నానానికి నీళ్లు కాస్తుంది, దాదాపు ఉచితంగా. శీతాకాలంలో లాభం తక్కువ. గీజరు ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు మాత్రం డీసూపర్‌హీటర్ చిన్న పంపు స్విచ్ ఆపాలి. నీళ్లు లేకుండా తిరిగితే పాడైపోతుంది.