చుక్క తరువాత అంకెలు – పాల చీటీ చదివే పద్ధతి

పాల కేంద్రంలో ఇచ్చే చీటీ మీద ఒక పూట 6.45 అనీ, మరో పూట 6.5 అనీ వెన్న శాతం ఉన్నదనుకోండి. ఏ పూట పాలు చిక్కనివి? మైపాడులో గేదెను పెట్టుకున్న ఏ ఇంట్లోనైనా ఆరో తరగతి చదివే పిల్లను అడిగి చూడండి. “నలభై ఐదు, ఐదు కన్నా పెద్దది కదా, 6.45” అనే జవాబు రావచ్చు. పెద్దల్లోనూ అలా అనేవారు తక్కువేమీ కాదు.

ఇందులో సగం తప్పు మన నోటిది. “ఆరు పాయింటు నలభై ఐదు” అని చదువుతాము కనుక నలభై ఐదే చెవిలో నిలుస్తుంది. “ఆరు పాయింటు నాలుగు ఐదు” అని చదవాలి. చుక్క తరువాత మొదటి అంకె పదోవంతులు, రెండోది నూరోవంతులు, మూడోది వెయ్యోవంతులు. ఎడమ నుంచి ఒక్కొక్క స్థానమే పోల్చుకుంటూ రావాలి. రెంటిలోనూ ఆరే ఉన్నది, సరే. తరువాత ఒకదానిలో 4, మరొకదానిలో 5. తీర్పు అక్కడే అయిపోయింది, వెనుక ఎన్ని అంకెలున్నా లెక్కలోకి రావు. 6.5 అంటే 6.50. డబ్బులో చెబితే ఆరు రూపాయల యాభై పైసలు, ఆరు రూపాయల నలభై ఐదు పైసలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పటి నుంచి ఈ లెక్కలో మనవాళ్ళెవరూ మోసపోలేదు!

గెర్బరు పద్ధతిలో వాడే బ్యూటిరోమీటరు గొట్టం మీద ఒక్కొక్క చిన్న గీత 0.1 శాతం. అందువలన అందులో సాధారణంగా చుక్క తరువాత ఒక్క అంకే చదువుతారు. ఎలక్ట్రానిక్ యంత్రాలు రెండంకెలు చూపుతాయి. అంకెలు ఎక్కువ కనబడినంత మాత్రాన వెన్న పెరగదు.

ఇంతకన్నా ఖరీదైన పొరపాటు సున్న దగ్గర జరుగుతుంది. నాలుగు లీటర్ల యాభై మిల్లీలీటర్లను కొందరు 4.50 అని రాస్తారు. లీటరుకు వెయ్యి మిల్లీలీటర్లు కనుక అది 4.050. ఆ ఒక్క సున్న మరచిపోతే 450 మిల్లీలీటర్ల తేడా, అంటే దాదాపు అర లీటరు. గిద్ద, సోల, తవ్వలతో పెరిగిన పెద్దలకు పావు, అరపావు బాగా తెలుసు. పావు లీటరు 0.25, అరపావు 0.125. ఇక్కడా మూడంకెలున్నదే చిన్నది. ప్రమాణాలు వేరైనప్పుడు ముందు ఒకే ప్రమాణంలోకి మార్చాలి. 800 మిల్లీలీటర్లు, 0.75 లీటరు అన్నప్పుడు రెండోదాన్ని 750 మిల్లీలీటర్లు చేసుకుంటే ఏది ఎక్కువో తెలిసిపోతుంది.

లాక్టోమీటరు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. అది 28 చూపితే పాల సాంద్రత 1.028, 30 చూపితే 1.030. కాగితం మీద ఆ చివరి సున్న తీసేసి 1.03 అని రాస్తే, మన పిల్ల మళ్ళీ 1.028నే పెద్దదంటుంది. మామూలు నీరు సుమారు 1.000, మైపాడు వారికి రోజూ కనబడే సముద్రపు నీరు సుమారు 1.025, పాలు ఆ రెంటికన్నా పైన. పాలలో నీళ్ళు కలిస్తే అంకె దిగుతుంది. మీగడ తీస్తే పెరుగుతుంది. మీగడ తీసి నీళ్ళు పోస్తే అంకె మామూలుగానే కనబడవచ్చు. అందుకే లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్ముకోక వెన్న కూడా పరీక్షిస్తారు.

ఈ సాంద్రత వల్లనే లీటరు పాలు కిలో తూగవు, సుమారు 1.03 కిలోలు తూగుతాయి. అయిదు లీటర్లంటే 5.15 కిలోలు. చీటీ మీద ఉన్నది లీటర్లో కిలోలో చూడకుండా నిన్నటి పాలను నేటి పాలతో పోల్చరాదు.

ఇక డబ్బు మాట. వెన్న కిలోల లెక్కన చెల్లించే చోట, పాల బరువును వెన్న శాతంతో హెచ్చించి నూరుతో భాగించాలి. ఒక సభ్యురాలు 6.4 శాతం పాలు 4.5 కిలోలు పోసింది. వెన్న 0.288 కిలో. పక్కింటామె 5.9 శాతం పాలు 4.8 కిలోలు పోసింది. వెన్న 0.2832 కిలో. రెండో అంకె పొడుగ్గా ఉన్నది, పాలూ ఎక్కువే. అయినా మొదటిదే పెద్దది. వెయ్యోవంతుల స్థానంలో 8, 3 చూడండి. ఉదాహరణకు కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే మొదటామెకు 230.40, రెండో ఆమెకు 226.56 రూపాయలు వస్తాయి. “నేను ఎక్కువ పాలు పోస్తే నాకెందుకు తక్కువ వచ్చింది?” అని కేంద్రం దగ్గర తగువుకు దిగేముందు ఈ హెచ్చవేత చేసుకోవడం మంచిది. హెచ్చవేసిన తరువాత కూడా చీటీతో కలవకపోతే, అప్పుడు నిస్సంకోచంగా అడగండి. అది మీ హక్కు.

పిల్లల చేత చేయించడానికి ఒక లెక్క. అయిదు పూటల వెన్న శాతాలు: 6.4, 6.05, 6.35, 6.5, 6.45. వీటిని ఆరోహణ క్రమంలో రాయాలి. జవాబు: 6.05, 6.35, 6.4, 6.45, 6.5. ఎవరైనా 6.4ను మొదట రాస్తే, అన్నింటికీ చుక్క తరువాత రెండంకెలు వచ్చేలా 6.40, 6.50 అని సున్న చేర్చి మళ్ళీ రాయమనండి.