లాగితే కదిలే అమ్మమ్మ!

పేజీ అంచున చిన్న అట్టముక్క బయటికి కనిపిస్తుంటుంది. దాన్ని మెల్లగా లాగండి. బొమ్మలోని పెద్దమనిషి కళ్లు తిప్పుతాడు, నోరు తెరుస్తాడు, చేయి పైకెత్తుతాడు... అన్నీ ఒక్క లాగుతోనే! బ్యాటరీ లేదు, మోటారు లేదు. ఉన్నదల్లా కాగితం, కాస్త రాగితీగ.

ఈ గారడీలో ఆరితేరినవాడు జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన చిత్రకారుడు లోథార్ మెగెండార్ఫర్ (1847-1925). క్రిస్మస్ కానుకగా కొడుకు కోసం స్వయంగా చేసిన పుస్తకంతోనే ఆయన ఈ దారి పట్టాడంటారు. 1887లో వచ్చిన ‘ఇంటర్నేషనల్ సర్కస్’ విప్పితే ఆరు దృశ్యాలతో సర్కస్ డేరా అంతా కళ్లముందు నిలబడుతుంది.

ఇంతకీ కదిలే పుస్తకాలు పిల్లల కోసం పుట్టినవి కావు. 13వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన మాథ్యూ పారిస్ అనే సన్యాసి పండగ తేదీలు లెక్కకట్టడానికి తన గ్రంథంలో తిరిగే చక్రం అమర్చాడు. 1540లో జర్మన్ పండితుడు అపియన్ గ్రహాల గతులు తెలిపే కాగితపు చక్రాలను పేజీలపైనే పేర్చాడు. పిల్లల చేతికి ఇవి చేరింది 18వ శతాబ్దంలోనే.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. లాగడానికే చేసిన పుస్తకాన్ని పిల్లలు లాగకుండా ఉంటారా? గట్టిగా లాగారు, చింపారు. మెగెండార్ఫర్ మీటలన్నీ అతికించిన రెండు కాగితాల మధ్య దాగి ఉంటాయి. లోపల తీగ ఊడితే పేజీ విప్పాల్సిందే. అందుకే చెక్కుచెదరకుండా మిగిలిన ప్రతులంటే సేకర్తలకు అంత మోజు. చెక్కుచెదరలేదంటే దానితో ఎవరూ పెద్దగా ఆడుకోలేదనే కదా!

మొన్న దసరా సెలవుల్లో మా అమ్మాయి, నేను ఇలాంటి పుస్తకం ఒకటి చేయబోయాం. బొమ్మ ఏమిటంటే, మా అమ్మ కవ్వంతో మజ్జిగ చిలుకుతుండటం. అట్ట కోసం కొట్టుకు వెళ్లలేదు. బీరువా అడుగున పాత శుభలేఖలు బోలెడు! వాటిలో మందంగా ఉన్నవి ఏరాం.

చేయిని విడిగా కత్తిరించి, భుజం దగ్గర అంగుళం తోక అదనంగా ఉంచాలి. భుజం దగ్గర పేజీకి గాటు పెట్టి ఆ తోకను వెనక్కి దూర్చాలి. చేయిని పేజీకి ఒకచోట ముడేయాలి, తోకను లాగుడుపట్టీకి మరోచోట. ఈ రెండు ముడులూ ఎంత దగ్గరగా ఉంటే చేయి అంత పెద్దగా ఊగుతుంది. ఏతాం చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు, పొట్టివైపు కాస్త కదిలితే పొడుగువైపు బారెడు కదులుతుంది. పట్టీని మాత్రం అట్ట ఏ వైపు వంచితే మొరాయిస్తుందో చూసి ఆ వైపు పొడవుగా కత్తిరించాలి. లేకుంటే తోసినప్పుడు మడతపడుతుంది.

మా మొదటి పేజీ పాడైంది జిగురువల్ల. అంచులకే రాయాల్సింది లోపలిదాకా రాశాం, పట్టీ అతుక్కుపోయింది. రెండోదాంట్లో ముడి మరీ బిగిసి చేయి కదల్లేదు. చివరికి ముడికింద అగ్గిపుల్ల పెట్టి బిగించి, తర్వాత పుల్ల లాగేశాం. దారానికి కావలసినంత వదులు వచ్చింది. ముడి అట్టను చింపకుండా కింద చిన్న గుండ్రటి అట్టబిళ్ల.

తీగ బదులు దారం వాడాలన్న ఆలోచన తోలుబొమ్మలది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు బొమ్మల చేతుల్ని విడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతోనే ముడేస్తారు. తెగితే మళ్లీ ముడేసుకోవచ్చు. అందుకే మేం పేజీ వెనక అట్టను మూడువైపులే అతికించాం, నాలుగోవైపు తెరిచి ఉంచాం.

అది మంచిదే అయింది. మా అన్నయ్య కొడుకు, నాలుగేళ్లవాడు, వచ్చిన రోజే చేయి పీకేశాడు. మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. అయిదు నిమిషాల్లో ఎర్రదారంతో మళ్లీ ముడేశాం. తెల్లదారం దొరకలేదు మరి!

అమ్మ మజ్జిగ చిలికి రెండేళ్లయింది. భుజం పట్టేసి చేయి పైకి లేవదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో పట్టీని అయిదారుసార్లు లాగి చూసుకుంది. “కవ్వం తాడు అలా పట్టుకోరే” అంది. తర్వాతి ఆదివారం ఆ చేయి మళ్లీ గీశాం.