రెండు నెట్‌వర్క్ కార్డుల కంప్యూటర్ – రౌటర్‌గా అమరిక: ఉత్తరాంధ్ర తీర నేపథ్యం

వ్యాససంగ్రహం: రెండు నెట్‌వర్క్ కార్డులున్న సాధారణ కంప్యూటర్‌ను లినక్స్ ఆధారంగా రౌటర్‌గా మలచే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. బయటి కేబుల్ తెగినా లోపలి నెట్‌వర్క్ పనిచేసేలా అమర్చుకోవడం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఎందుకు అవసరమో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రౌటర్, నెట్‌వర్క్ కార్డు, ఐపీ చిరునామా, మాస్కరేడింగ్, నౌపడ, తిత్లీ తుపాను.

1. నౌపడ పోలిక

శ్రీకాకుళం జిల్లా నౌపడ స్టేషన్‌లో శతాబ్దానికి పైగా రెండు రకాల రైలుమార్గాలు కలుసుకున్నాయి. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో పట్టాల నడుమ దూరం 5 అడుగుల 6 అంగుళాలు. 1900లో ప్రారంభమైన పర్లాకిమిడి లైట్ రైల్వేలో అది 2 అడుగుల 6 అంగుళాలే. ఒక మార్గంలోని బండి రెండవ మార్గం ఎక్కలేదు. కనుక ప్రయాణికులు దిగి బండి మారవలసి వచ్చేది. సరుకును ఒక బండిలోంచి దించి మరొకదానిలోకి ఎక్కించవలసి వచ్చేది. 2004లో ఆ చిన్నమార్గం మూతపడి, 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరుచుకున్నాక ఆ అవసరం తీరింది.

రౌటర్ చేసే పని ఇటువంటిదే. ఒక కార్డుకు చేరిన ఫ్రేమ్ అనే బండిలోంచి ప్యాకెట్ అనే సరుకును దించి, గమ్యం చూసి, రెండవ కార్డు నుంచి కొత్త ఫ్రేమ్‌లో పంపుతుంది. పోలికకు ఒక హద్దు ఉంది: ఇక్కడ కేబుళ్లు రెండూ ఒకే రకానివి కావచ్చు, వేరుగా ఉండవలసినవి చిరునామా శ్రేణులు. బజారులో రౌటర్ పేరుతో అమ్మే చిన్న పెట్టె కూడా నిజానికి ఒక కంప్యూటరే. అందువల్ల మూలన పడిన పాత డెస్క్‌టాప్‌కు మరో కార్డు తగిలిస్తే ఆ పనికి సరిపోతుంది.

2. అమరిక

మొదట ఏ కార్డు బయటిదో, ఏది లోపలిదో తేల్చుకోవాలి. కార్డుల పేర్లను నమ్ముకోవడం కంటే వాటి మ్యాక్ చిరునామాలతో గుర్తుపట్టడం క్షేమం. బయటి కార్డు సర్వీసు సంస్థ ఇచ్చే చిరునామాను తీసుకుంటుంది. లోపలి కార్డుకు 192.168.10.1 వంటి స్థిరమైన చిరునామా ఇవ్వాలి. సంస్థ ఇచ్చిన పెట్టె 192.168.1 శ్రేణిలో ఉంటే లోపల కూడా అదే శ్రేణి పెట్టకూడదు. ప్యాకెట్‌ను ఎటు పంపాలో కంప్యూటర్‌కు తెలియకుండా పోతుంది. లోపలి కార్డుకు గేట్‌వే ఇవ్వడం తరచుగా జరిగే మరో పొరపాటు. గేట్‌వే బయటి కార్డుకే ఉండాలి.

కార్డులు రెండు ఉన్నంత మాత్రాన కంప్యూటర్ రౌటర్ కాదు. తనది కాని ప్యాకెట్‌ను లినక్స్ సాధారణంగా వదిలేస్తుంది. ఐపీ ఫార్వర్డింగ్ అనే అమరికను 1గా మార్చి, మళ్లీ మొదలైనప్పుడు కూడా నిలిచేలా భద్రపరచాలి. తర్వాతిది మాస్కరేడింగ్. 192.168తో మొదలయ్యే చిరునామాలను ప్రైవేటు నెట్‌వర్కులకు కేటాయించారు. ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. అందుచేత బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్‌పై పంపినవారి చిరునామా స్థానంలో రౌటర్ తన బయటి చిరునామాను రాసి, ఆ సంగతి పట్టికలో గుర్తుంచుకుని, జవాబును అసలు కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఇది ఒక్క నియమం. దాని వెంటనే, లోపలివారు అడిగినదానికి జవాబుగా వచ్చినది తప్ప బయటినుంచి మరేదీ లోపలికి రాకూడదనే నియమం కూడా ఉండాలి. ఇంటర్నెట్ వచ్చింది కదా అని ఇక్కడ ఆగిపోయేవారే ఎక్కువ. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

లోపలి కంప్యూటర్లకు చిరునామాలు పంచే పని డీఎన్ఎస్‌మాస్క్ చేస్తుంది. అది లోపలి కార్డుపై మాత్రమే జవాబివ్వాలి.

3. కేబుల్ తెగినప్పుడు

2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను ప్రధానంగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. త్వరగా, చౌకగా ఊరూరికీ చేరడానికి అది మంచి మార్గం. కానీ 2018 అక్టోబర్ 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతో పాటు వేలాది స్తంభాలు నేలకూలాయి. స్తంభం పడితే కరెంటూ, దానిపై లాగిన కేబులూ కలిసి పోతాయి.

అటువంటి వేళ ఒక పాఠశాలకో గ్రంథాలయానికో మిగిలేది లోపలి నెట్‌వర్కే. పాఠాలు, రికార్డులు, కివిక్స్ ద్వారా దించుకున్న తెలుగు వికీపీడియా లోపలి సర్వర్‌లో ఉంటే ఇన్వర్టర్ మీద కూడా అందరూ చదువుకోగలరు. అయితే ఆ సర్వర్ పేరును రౌటర్‌లోని డీఎన్ఎస్‌మాస్క్‌లోనే నమోదు చేయాలి. కంప్యూటర్లు పేర్ల కోసం నేరుగా బయటి సర్వర్‌ను అడిగేలా అమరిస్తే, కేబుల్ తెగిన క్షణం నుంచి పక్కగదిలోని సర్వర్ పేరు కూడా వాటికి దొరకదు.

విద్యుత్తు విషయంలో మాత్రం పాత డెస్క్‌టాప్ చిన్న పెట్టెకు సాటిరాదు. పెట్టెకు కొన్ని వాట్లు చాలు. డెస్క్‌టాప్‌కు పదుల వాట్లు కావాలి. రోజుల తరబడి కరెంటు రాని చోట ఇది చిన్న తేడా కాదు. తక్కువ విద్యుత్తుతో నడిచే బోర్డు దొరికితే దానినే ఎంచుకోవాలి. ఏది వాడినా, కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ప్రారంభమయ్యేలా బయోస్‌లో అమర్చాలి. లేకపోతే తాళం వేసిన గదిలో రౌటర్ ఆగిపోయి ఉంటుంది, మీట నొక్కేవారు వచ్చేదాకా నెట్‌వర్క్ ఉండదు.