బండి చైనుకు జెర వదులు ఉండాలె తమ్మీ

“అన్నా, చైను మోత జేస్తున్నది. తీగ లెక్క గుంజి బిగియ్యి.” ఏ ఊరి మెకానిక్ దుకాణం కాడ గడియసేపు కూసున్నా గీ మాట ఇనవడుతది. ఒకప్పుడు నేను గూడ గట్లనే అన్న. రెండు యూరియా బస్తాలు ఎనక కట్టుకొని కాలువ కట్ట మీద పోతాంటె బండి గుంతల దిగవడ్డది. టప్పుమని చైను తెగింది. బండి నా కాలు మీద వడ్డది. నెల రోజులు మంచంల ఉన్న. తప్పు మెకానిక్‌ది కాదు, బిగియ్యమన్నది నేనే. అప్పటిసంది పాన పట్టుడు నేర్చుకున్న.

అసలు ముచ్చట చిన్నది. గుంతల వడ్డప్పుడల్లా ఎనక చక్రం స్వింగ్ ఆర్మ్‌తోని కలిసి పైకి కిందికి ఊగుతది. ఊగిన కొద్దీ ఇంజన్ కాడి చిన్న స్ప్రాకెట్‌కు, ఎనక యాక్సిల్‌కు నడుమ దూరం మారుతది. చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, ఎనక యాక్సిల్ – ఈ మూడు ఒక్క గీత మీదికి వచ్చినప్పుడు దూరం అన్నిటికంటె ఎక్కువ. చైను బాగ టైటయ్యేది గప్పుడే. స్టాండు మీదనే తీగ లెక్క బిగిస్తె, బరువు వడ్డప్పుడు అది యాడికని సాగాలె? చైనన్న తెగాలె, లేకుంటె గేర్‌బాక్స్ బేరింగన్న పోవాలె.

మట్టి బాటల కోసం చేసిన డర్ట్ బైకులకు షాకప్సర్లు పొడుగుంటయి. చక్రం ఎక్కువ ఊగుతది. అందుకే వాటి చైనుకు వదులు గూడ ఎక్కువ గావాలె. మామూలు బండ్లకు ఎక్కువగ 20 నుంచి 30 మిల్లీమీటర్లు, డర్ట్ బైకులకు 35 నుంచి 50 దాకా పెడతరు. మీ బండికి ఎంతనో, స్టాండు మీద సూడాల్నో నేల మీద సూడాల్నో కంపెనీ పుస్తకంల ఉంటది. గదే ఖాయం. అట్లని మరీ లూజు ఇడువొద్దు. లూజు చైను పండ్ల మీదికెళ్లి దుంకి ఇరుక్కుంటె ఉరికే బండి చక్రం ఒక్కపారె పట్టేస్తది.

ఇగ పని సూడుర్రి. ముందుగాల ఇంజన్ బందు చేసి, తాళంచెవి జేబుల ఏసుకోర్రి. గేరుల పెట్టి ఇంజన్ నడుపుకుంట చైను తుడిస్తె ఏళ్లు పోతయి. న్యూట్రల్‌ల పెట్టి చేత్తోని చక్రం తిప్పుర్రి. చైను అంతట ఒక్క తీరు ఉండదు, బాగ టైటున్న కాడ ఆపుర్రి. కింది వరుస నడిమిట్ల స్కేలు పెట్టి, చైనును ఏలుతోని పైకి లేపి, కిందికి గుంజి సూడుర్రి. ఆ రెంటి నడుమ దూరమే వదులు.

ఎక్కువ తక్కువ ఉంటె ఎనక యాక్సిల్ నట్టు సడలించి, రెండు దిక్కుల అడ్జస్టర్లను సగం సగం చుట్టు తిప్పుర్రి. రెండు దిక్కుల గీతలు ఒక్క తీరు ఉండాలె. లేకుంటె చక్రం వంకరగ పోతది, పండ్లు ఒక పక్క అరుగుతయి. నట్టు గట్టిగ బిగిచ్చినంక మళ్ల కొలువుర్రి, బిగిచ్చేటప్పుడు లెక్క మారుతది. డ్రమ్ బ్రేకు బండైతె ఎనక బ్రేకు గూడ మళ్ల సరిజేసుకోవాలె. ఇది మర్సిపోయి బ్రేకు పడక వడ్డోళ్లున్నరు.

ఆఖరికి ఒక పరీక్ష. ఇద్దరు దోస్తులను బండి మీద కూసోవెట్టి, ఆ మూడు ఒక్క గీత మీదికి వచ్చేదాక అదిమి సూడుర్రి. గప్పుడు గూడ చైను కొద్దిగ కదలాలె. కదలకపోతె ఇంకింత సడలించుర్రి. ఎనక స్ప్రాకెట్ కాడ చైనును ఎనకకు గుంజితె సగం పన్ను బయటికి కనవడుతున్నదా? ఇగ బిగిచ్చుడు దండుగ. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలె.

గీ పనికి కావాల్సింది రెండు పానలు, ఒక స్కేలు, పావుగంట. ఎవలో చేస్తరని సూస్తె, మన పానం ఎవలి చేతులనో పెట్టినట్టే. బాయికాడికి పోయినా, పట్నం పోయినా, ఎనక కూసునేది మన అమ్మనో చెల్లెనో. రేపు పొద్దుగాల బండి తీసే ముందు ఒక్కపారి వంగి చైను సూడుర్రి తమ్మీ.