వట్టికాళ్ళ ఆట

దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టివేసిన తరువాత మండపేట పరిసరములందలి పొలములు కొన్ని వారములపాటు బాలురకు ఆటస్థలములగును. వరికొయ్యలు కాళ్ళకు గ్రుచ్చుకొనుచున్నను, ఎండకు నేల నెఱ్ఱెలు విచ్చియున్నను, బంతి యొకటి దొరికినచో చీకటి పడువఱకు ఇంటికి పోవలెనను తలంపు వారికి కలుగదు. వట్టికాళ్ళతోనే ఆడుదురు. బూటు తొడిగిన కాలికి బంతి పోకడ తెలియదని కూడ అందురు. ఇది పిల్లల మాట యని నవ్వి ఊరకుండుటకు వీలులేదు. ఒకప్పుడు భారతదేశపు మేటి ఫుట్‌బాలు ఆటగాండ్రు ఇట్లే తలచిరి. ఆ తలంపునకు గర్వింపదగిన కారణము కలదు. ఆ తలంపు వలననే దేశమునకు తలవంపులును కలిగెను. ఆ తలవంపులు తీర్చినవారిలో ముఖ్యుడు హైదరాబాదునకు చెందిన యొక బడిపంతులు.

ముందుగా గర్వకారణమును చెప్పవలెను. ఫుట్‌బాలును మన దేశమునకు తెచ్చినవారు ఆంగ్లేయులు. పటాలములయందు సైనికులును, కళాశాలలయందు ఆచార్యులును దానిని వ్యాపింపజేసిరి. కలకత్తాలో 1893లో ఆరంభమైన ఐ.ఎఫ్.ఏ. షీల్డు పోటీలో చాలకాలము తెల్లవారి జట్లదే పైచేయిగా ఉండెను. 1911 జూలై నెలలో మోహన్ బగాన్ అను భారతీయుల జట్టు ఆ పోటీకి దిగెను. అందులో కళాశాల విద్యార్థులు, చిన్న ఉద్యోగములు చేసుకొనువారు ఉండిరి. సుధీర్ ఛటర్జీ కళాశాలలో బోధించుచుండెడివాడు. పదునొకండుగురిలో బూట్లు తొడిగినవాడు ఆయన యొక్కడే.

మొదటి ఆటలో వారు సెయింట్ జేవియర్స్ కళాశాల జట్టును మూడు గోలులతో ఓడించిరి. తరువాత రేంజర్సు జట్టును, ఆపైన రైఫిల్ బ్రిగేడ్ వారిని గెలిచిరి. మిడిల్‌సెక్స్ పటాలముతో ఆట మొదట సమమై, మరల ఆడినప్పుడు మూడు గోలులతో జయము కలిగెను. జూలై 29న తుది పోటీ. ఎదుటివారు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమువారు. క్రిక్కిఱిసిన జనములో ఆట కనబడని వారికి తెలియుటకై గోలుల లెక్కను గాలిపటములపై వ్రాసి ఎగురవేసిరి. మొదటి గోలు పటాలమువారిదే. పిమ్మట జట్టు నాయకుడగు శివదాస్ భాదురి లెక్క సమము చేసెను. చివరి ఘడియలలో విద్యార్థియైన అభిలాష్ ఘోష్ రెండవ గోలు వేసెను. బంగాళ విభజనపై జనుల హృదయములు మండుచున్న కాలమది. బూటుకాళ్ళ పాలకులను వట్టికాళ్ళ యువకులు ఓడించిరన్న వార్త ఆటను మించిన వార్తయై దేశమంతట వ్యాపించెను. నాటినుండి వట్టికాలు పేదఱికమునకు గాక పౌరుషమునకు గుర్తయ్యెను.

అయితే వట్టికాలికి ఒక హద్దు కలదు. పొడినేలపై పాదము బంతిని చక్కగా పట్టును, త్రిప్పును. వాన కురిసి పచ్చిక జాఱుడైనచో సంగతి వేఱు. బూటు అడుగున నుండు తోలు మేకులు నేలను పట్టుకొనును, వట్టిపాదము జాఱును. చలిదేశములలో వ్రేళ్ళు కొంకర్లుపోవును. బరువైన బూటుతో ఎదుటివాడు వేగముగా మీదికి వచ్చినప్పుడు, ఎంత ధైర్యవంతుడైనను కాలు వెనుకకు తీయక తప్పదు. స్వదేశపు మైదానములలో ఆడినంతకాలము ఈ లోపము అంతగా బయటపడలేదు.

ఆ బడిపంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, దాని ఫుట్‌బాలు జట్టులో ఆడెను. చదువు ముగిసిన పిమ్మట పాఠశాలలలో ఉపాధ్యాయుడయ్యెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను.

పంతులు పద్ధతి ఆయన ఆట నేర్పుటలోను కనబడును. తెలుగు వాచకము చదివించువాడు పిల్లవానికి ఏ అక్షరము రాదో చూచి దానినే మరల మరల దిద్దించును గదా! రహీం అట్లే ఆటగాండ్ర బలహీనమైన కాలిని వెదకెను. కుడికాలివాటము గలవారు ఎడమకాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెను. బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుచు ఒంటరిగా పరుగెత్తరాదను నియమముతో మఱికొన్ని పోటీలు పెట్టెను. ప్రేక్షకులకు ఒంటరి విన్యాసమే ఇష్టము. ఆటగానికిని చప్పట్లు అందువలననే వచ్చును. కాని మనుష్యుడు ఎంత పరుగెత్తినను బంతి కంటె వేగముగా పోజాలడు. బంతిని వెంటనే తోటివానికి అందించి తాను ఖాళీచోటికి పోవువాడే జట్టునకు మేలుచేయునని ఆయన పాఠము. ఈ పాఠము నేర్చిన పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచెను. 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు హైదరాబాదునకే వచ్చెను.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకము పొందెను. మఱుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలు. అంతకు నాలుగేండ్ల ముందు లండనులో మనవారిలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడి, ఫ్రాన్సు చేతిలో ఒక్క గోలు తేడాతోనే ఓడిరి. ఆ ఓటమికి మెప్పు కూడ వచ్చెను. ఆ మెప్పే చేటయ్యెననవలెను. హెల్సింకిలో చలి, ఎదుట యుగోస్లావియా జట్టు. మనవారిలో పెక్కురు ఇంకను బూట్లు లేనివారే. వారు పది గోలులు వేసిరి, మనవారు ఒకటి వేసిరి.

ఆ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసెను. ఆజ్ఞ వ్రాయుట సులువు. ఏండ్ల తరబడి వట్టిపాదముతో బంతిని తాకిన కాలికి బూటును అలవాటు చేయుట శిక్షకుని పని. బూట్లు కొనుట బీదవారికి మఱియొక కష్టము. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం చిన్నతనమున పోలీసులు పారవేసిన పాతబూట్లతో తయారైన జోడు తొడిగి ఆడెను. రహీం ఆ బాలుని ఆట చూచి, హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుటకు అద్దె సైకిలు డబ్బులు ఇచ్చి పిలిపించెను. అట్లు సైకిలుపై వచ్చిన బాలుడు భారతదేశపు మేటి ఫార్వర్డులలో ఒకడయ్యెను.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు రహీం తీసికొనిపోయిన జట్టు బూట్లతో ఆడెను. ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించెను. అందు మూడు గోలులు నెవిల్ డిసౌజావి. తరువాతి ఆటలో ఎదుట నిలిచినది మరల యుగోస్లావియాయే! ఈమాఱు మొదటి గోలు మనది. చివరకు 1–4 తేడాతో ఓడినను, హెల్సింకిని ఎఱిగినవారికి ఆ రెండు ఆటల నడుమ ఎంత దూరమున్నదో తెలియును. ఆ క్రీడలలో భారతదేశము నాలుగవ స్థానమున నిలిచెను.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం కాన్సరు వ్యాధిగ్రస్తుడై యుండెను. అక్కడ మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించెను. థాయిలాండుతో ఆటలో జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. గోలుకీపరు తంగరాజ్ జ్వరపడెను. అదిగాక, ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయకుండుటపై ఒక భారతీయ ప్రముఖుడు చేసిన విమర్శవలన జకార్తా జనులు మనవారిపై కోపించి యుండిరి. అయినను థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును దాటి జట్టు తుది పోటీకి చేరెను. ఎదుట మరల కొరియాయే.

తనకొక బహుమతి కావలెననియు, అది మఱునాటి స్వర్ణపతకమనియు రహీం ముందునాటి రాత్రి ఆటగాండ్రను కోరెను. తల కుట్లు మానని జర్నయిల్ సింగ్ రక్షకుని స్థానము విడిచి ముందువరుసలో ఆడవలెనని ఆయన నిర్ణయించెను. ఎత్తుగా వచ్చు బంతులను అందుకొనగల పొడగరి కావుననే తంగరాజ్‌ను మరల గోలులో నిలిపెను. 1962 సెప్టెంబరు 4న ఆట మొదలైనంతనే వేలకొలది కంఠములు భారతీయులను ఎగతాళి చేయసాగెను. పాకిస్థాన్ హాకీ జట్టువారు మాత్రము మనవారి పక్షమున కేకలు వేసిరని ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. మొదటి గోలు పి.కె. బెనర్జీది. రెండవది జర్నయిల్ సింగుది. కొరియావారు ఆట ముగియవచ్చునపుడు ఒక గోలు వేసిరి గాని, అది చాలలేదు.

రహీం 1963 జూన్ 11న మరణించెను. భారత ఫుట్‌బాలు జట్టు 1970లో ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచినది. జకార్తా తరువాత 2023 వఱకు జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకము మాత్రము మరల రాలేదు.