కుక్కలకు పిడుదుల జ్వరము

మన పల్లెలలో కుక్క కావలి లేని మంద గాని, కళ్ళము గాని అరుదు. రాత్రివేళ దొడ్డిలో అలికిడియైనచో మొదట లేచునది అదియే. అట్టి కుక్క ఒకనాడు తిండి మాని, మూలకు చేరి, ముక్కువెంట రక్తము కారి మరణించినచో ఎవరో విషము పెట్టినారని పొరుగువారిని అనుమానించువారు కలరు. దిష్టి తగిలినదని ఊరకుండువారును కలరు. కాని అది విషమే కానక్కరలేదు. చెవి లోపల పట్టియున్న చిన్న పిడుదు కూడ అందులకు కారణము కావచ్చును.

పిడుదులనే కొన్ని ప్రాంతములలో గోమార్లు అందురు. కుక్కలను పట్టు గోధుమరంగు పిడుదు వలన వ్యాపించు ఒక సూక్ష్మజీవికి ఎర్లీషియా కేనిస్ అని పేరు. 1935వ సంవత్సరమున అల్జీరియా దేశమునందు డొనాషియన్, లెస్తోకార్ అను శాస్త్రజ్ఞులు దీనిని మొదట కనుగొనిరి. 1960వ దశకము చివర వియత్నాం యుద్ధములో అమెరికా సైన్యపు కుక్కలు వందల సంఖ్యలో ఈ జ్వరముతో మరణించిన పిమ్మట దీని తీవ్రత లోకమునకు తెలిసినది.

ఈ పిడుదు తన జీవితములో మూడు మారులు కుక్కను పట్టి రక్తము పీల్చి, మూడు మారులును క్రిందికి రాలిపోవును. ఆడ పిడుదు గోడ నెర్రెలలో దూరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. రోగమున్న కుక్క రక్తము త్రాగిన పిల్ల పిడుదు, పెరిగి మరియొక కుక్కను కరచినపుడు దానికి రోగమును అంటించును. కావున ఒంటిమీది పిడుదులను మాత్రమే ఏరి, గోడలను విడిచిపెట్టుట సగము పనియే యగును.

పిడుదు కరచిన ఒకటి మొదలు మూడు వారములలో జ్వరము వచ్చును. కుక్క నీరసించును, తిండి ముట్టదు, మెడక్రింద గడ్డలు కట్టును. కొన్ని దినములకు తనంతట తగ్గినట్లు కనిపించును. ఇచ్చటనే మోసమున్నది. రోగము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి లోపల దాగియుండి, కొన్ని కుక్కలలో ఎముకల మూలుగను చెరచును. అంతట క్రొత్త రక్తము పుట్టదు. చిగుళ్ళు పాలిపోవును, పొట్టచర్మముపై ఎఱ్ఱని చుక్కలు లేచును, ముక్కువెంట రక్తము కారును. ఆ దశలో బ్రతికించుట మిక్కిలి కష్టము.

ఆదిలోనే పశువైద్యుని కడకు గొనిపోయినచో డాక్సీసైక్లిన్ అను మందుతో ఈ రోగము సాధారణముగా కుదురును. మోతాదును కుక్క బరువును బట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. రెండు మూడు దినములలోనే కుక్క లేచి తిరుగును. అది చూచి మందు మానరాదు; సాధారణముగా 28 దినములు ఇయ్యవలసి యుండును. ఈ రోగమునకు టీకా లేదు. ఒకసారి తగ్గిన కుక్కకు మరల రావచ్చును.

కావున నివారణమే మేలు. ప్రతిదినము చెవులు, మెడ, వ్రేళ్ళ సందులు తడిమి చూడవలెను. పిడుదును చిమటాతో చర్మమునకు దగ్గరగా పట్టి నిదానముగా లాగి, సబ్బునీటిలో వేయవలెను. వ్రేళ్ళతో నలుపరాదు. కిరసనాయిలు పోయుట, నిప్పు తగిలించుట తగదు. పైరుకు చల్లు పురుగుమందును కుక్క ఒంటికి పూయుట మరింత ప్రమాదము. దానిని నాకి కుక్క చనిపోవచ్చును. కుక్కలకై తయారైన మందునే వైద్యుని సలహాపై వాడవలెను. కుక్క పండుకొను చోట నెర్రెలు పూడ్చి, సున్నము కొట్టి, పాత గోనెలు తీసివేయవలెను.

ఈ జ్వరము కుక్క తాకుటవలన మనుష్యులకు అంటదు. కాని ఇదే జాతి పిడుదు కరచుట వలన మనుష్యులకు వేరొక జ్వరము రాగలదు. కావున ఈ శుభ్రత ఇంటిల్లిపాదికిని రక్షణయే.

రాత్రియంతయు మన సొత్తును కాయు మూగజీవి తన బాధను చెప్పుకొనలేదు. దినమునకు అయిదు నిమిషములు దాని చెవులు తడిమి చూడుడని మేము గ్రామస్థులను కోరుచున్నాము. కుక్క ఒక్కపూట తిండి మానినను, పొరుగువానిని శంకించుటకు ముందు పశువైద్యశాలకు నడచుట మేలు.