రాజ్యం పోయినా సైన్యం మిగిలింది
అంగుళం బొమ్మలకు ఏళ్ళ తరబడి రంగులు వేసిన వారి కథ

సంక్రాంతికి మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టడం అందరికీ తెలిసిందే. ఏటా ఒకటో రెండో కొత్త బొమ్మలు చేర్చడం, పండుగ కాగానే గుడ్డల్లో చుట్టి పెట్టెలో దాచడం పెద్దల నాటి అలవాటు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో తయారయ్యే బొమ్మలను కూడా ఇలాగే ఏటేటా చేర్చుకుంటూ పోయేవారు దేశదేశాల్లో ఉన్నారు. అయితే ఆ బొమ్మలు మెట్ల మీద ఊరికే కూర్చోవు. బల్ల మీద బారులు తీరి యుద్ధం చేస్తాయి.

మనిషి బొమ్మ ఎత్తు అంగుళానికి కాస్త ఎక్కువ. గొడ్డళ్ళు పట్టిన మరుగుజ్జు వీరులు, పచ్చ ఒంటి రాక్షసులు, సమాధుల్లోంచి లేచి వచ్చిన అస్థిపంజరాలు, రెక్కలున్న డ్రాగన్లు... ఇలా అన్నీ కథల్లోని జీవులే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్లకు చెరొక వైపున నిలబడి ఇద్దరు ఆటగాళ్ళు సైన్యాలను మోహరిస్తారు. బలాన్ని బట్టి ఒక్కో బొమ్మకు ఇన్ని పాయింట్లని ఉంటుంది. ఇరుపక్షాల మొత్తం సమానంగా ఉండాలి. టేపుతో కొలిచి అంగుళాల లెక్కన దళాలను జరుపుతారు. దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. పెద్ద ఆటకు ఒక పూట పడుతుంది.

మూలం మన చదరంగమే

ఈ ఆట తాత ముత్తాతలను వెతుక్కుంటూ పోతే చివరకు తేలేది మన దేశమే. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు బలాల ఆట చతురంగం. అది పారశీకం మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మన్ దేశాల్లో హెల్‌విగ్ అనే పండితుడు చదరంగాన్ని పెంచి, వెయ్యికి పైగా గళ్ళున్న యుద్ధక్రీడను తయారుచేశాడు. తర్వాత ప్రష్యా సైన్యం అటువంటి క్రీడతోనే తన అధికారులకు శిక్షణ ఇచ్చింది.

1913లో ప్రసిద్ధ ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ బొమ్మ సిపాయిలతో ఆడుకునే పద్ధతిని 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా రాశాడు. నిజం యుద్ధం కంటే ఈ బొమ్మల యుద్ధమే మేలని ఆయన అందులో వాదించాడు. ఆ మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం రావడం గమనార్హం.

సిపాయిల పక్కన మాంత్రికులు, డ్రాగన్లు చేరింది అమెరికాలో. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ తెచ్చిన 'చైన్‌మెయిల్' ఆట పుస్తకంలో కథల జీవులకు కూడా చోటిచ్చారు. 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట వచ్చాక ఇటువంటి బొమ్మలకు గిరాకీ పెరిగింది.

లేసు ఊళ్ళో సీసపు బొమ్మలు

1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ పెట్టారు. 1979లో దానికి తోడుగా, నాటింగ్‌హామ్ జిల్లాలోని న్యూవార్క్ పట్టణంలో సిటడెల్ మినియేచర్స్ అనే బొమ్మల కంపెనీ మొదలైంది. దాన్ని నడిపిన బ్రయాన్ ఆన్సెల్‌కు ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలు ఒకటీ అరా అమ్ముడుపోతే లాభం లేదు. వందల బొమ్మలు కావలసిన ఆట ఉంటే వందలుగానే కొంటారు కదా! అలా 1983లో 'వార్‌హామర్' పుట్టింది. ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ దాని కర్తలు.

ఒకప్పుడు లేసు మిల్లులకు పేరుపడ్డ నాటింగ్‌హామ్ చుట్టూ తర్వాత ఇటువంటి కంపెనీలు చాలా వెలిశాయి. ఆ ప్రాంతాన్ని 'సీసపు పట్టీ' అని పిలిచేవారు కూడా ఉన్నారు. 2024 డిసెంబరులో గేమ్స్ వర్క్‌షాప్ లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల జాబితాకెక్కింది. బొమ్మలమ్మే కంపెనీ బ్యాంకుల సరసన నిలవడం విశేషం.

రంగు వేస్తేనే ప్రాణం

పాత పద్ధతిలో శిల్పి ముందుగా నీలం, పసుపు ముద్దలను కలుపుతాడు. కలిస్తే ఆకుపచ్చగా మారే ఆ ముద్దతో మొదటి బొమ్మ చేస్తాడు. దాన్ని రబ్బరు బిళ్ళల మధ్య ఉంచి, వేడితో నొక్కి అచ్చు తీస్తారు. ఆ అచ్చును గిరగిర తిప్పుతూ నడుమ కరిగిన లోహం పోస్తారు. తిరిగే వేగానికి లోహం వేలి కొసల దాకా పాకుతుంది. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వే వస్తున్నాయి. చేతులు, తలలు, కత్తులు విడివిడిగా ఒక చట్రానికి అతుక్కుని ఉంటాయి. కొన్నవారే కత్తిరించి అంటించుకోవాలి.

ఆట సైన్యాలకు కావలసిన ఈ బొమ్మలను సాధారణంగా రంగు లేకుండానే అమ్ముతారు. రంగులు వేయడం కొన్నవారి పని. ముందు పూత ఒకటి, దాని మీద అసలు రంగు, మడతల్లో దిగేలా పలచని ముదురు రంగు, అంచుల మీద లేత గీత. కంటిగుడ్డు పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి. ఇలా వంద బొమ్మలకు వేయాలంటే నెలలు పడుతుంది. కొనడానికి గంట చాలు గనుక చాలామంది ఇళ్ళలో రంగు పడని బొమ్మలు గుట్టలుగా పేరుకుపోతాయి. దాన్ని 'సీసపు కొండ' అని వారే వేళాకోళం చేసుకుంటారు. ఆ కొండ తరగక ముందే కొత్త బొమ్మ కొని, ఇంట్లో చీవాట్లు తినే వారికీ కొదవ లేదు.

సీసానికీ తెగులుంది

1980ల నాటి బొమ్మలంటే సేకర్తలకు ప్రత్యేకమైన మోజు. అయితే వాటిలో సీసం ఉంటుంది. 1990ల చివరికి కంపెనీ సీసం లేని లోహానికి మారింది. పాత బొమ్మలు ముట్టుకున్న చేతులు కడుక్కోవాలి. పసిపిల్లల నోటికి అందకుండా ఉంచాలి.

ఓక్ వంటి కొన్ని కలపల బీరువాలో మూసి ఉంచితే మరో ముప్పు. ఆ కలప నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లని పొడి లేచి, బొమ్మను తినేస్తుంది. భద్రంగా ఉంటుందని మూసిపెట్టిన బీరువాయే దానికి శత్రువవుతుంది. అందుకే తెలిసినవారు గాజు, లోహపు అరల్లో గాలి ఆడేలా పెడతారు.

2015లో పెద్ద దెబ్బ

అన్నిటికంటే పెద్ద దెబ్బ కంపెనీ నుంచే తగిలింది. ముప్పై ఏళ్ళకు పైగా నడిచిన వార్‌హామర్ కథాలోకం నాశనమైపోయినట్లు రాసి, 2015లో ఆ ఆటకు స్వస్తి చెప్పింది. దాని స్థానంలో 'ఏజ్ ఆఫ్ సిగ్మార్' అనే మరో ఆట తెచ్చింది. పాత ఆటలో బొమ్మల కింద చదరపు పీటలుండేవి. దళం బారులు తీరాలంటే అవే కావాలి. కొత్త ఆటలో గుండ్రని పీటలు వచ్చాయి. రాత్రిళ్ళు దీపం కింద కూర్చుని వందల బొమ్మలకు రంగులు వేసినవారు నిర్ఘాంతపోయారు. సైన్యం ఉంది, రాజ్యం లేదు! ఒకాయన కోపం పట్టలేక తన సైన్యానికి నిప్పంటించాడు.

కాని చాలామంది బొమ్మలను పారేయలేదు. కొందరు పాత నిబంధనల పుస్తకాలు దగ్గర పెట్టుకుని ఆట సాగించారు. మరికొందరు కలిసి కొత్త నిబంధనలు తామే రాసుకున్నారు. కంపెనీ ఆపింది అమ్మకాన్నే గాని ఆటను కాదని రుజువు చేశారు. ఎనిమిదేళ్ళు దాటాక, 2024 జనవరిలో, అదే కంపెనీ 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో పాత లోకాన్ని మళ్ళీ తెరిచింది. పీటల కొలతలు కొన్ని మారినా చదరపు పీటలు తిరిగి వచ్చాయి. అటకెక్కిన సైన్యాలు మళ్ళీ బల్ల మీదికి దిగాయి.

కొన్న బొమ్మకు వెల కట్టేది అంగడి. చేతులారా రంగు వేసుకున్న బొమ్మకు వెల కట్టేది దాని యజమాని. ఆట ఆగిపోయిందన్న మాట వినీ ఆ సైన్యాలు చెత్తకుప్ప పాలు కాకపోవడానికి కారణం అదే. చెయ్యి విరిగినా, రంగు వెలిసినా అమ్మమ్మ నాటి బొమ్మకు ఏటా కొలువులో చోటిచ్చే ఇళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.